నూట పదహారో పిల్లి

గుల్లలమొగ అభయారణ్యంలో వాచరుగా పనిచేసే పిల్లి తాతారావు జనవరి నెలాఖరుకి పిల్లి అయ్యాడు. మీసాలు ముందు నుంచీ ఉన్నవే. తోక రాలేదు, కాగితం వచ్చింది. దాని మీద నంబరు, తేదీ, గుండ్రటి ముద్ర అన్నీ సక్రమంగా ఉన్నాయి కనుక ఆ తరవాత తోక సంగతి ఎవరూ అడగలేదు.

జరిగింది చిన్న విషయమే. ఏటి పాయ సముద్రంలో కలిసే చోట, మడచెట్ల నడుమ బావురు పిల్లులు బతుకుతాయి. ఇంటి పిల్లికి రెండింతలుండి, ఒంటి నిండా చుక్కలుండి, కాలవలోకి దిగి చేపలు పట్టుకు తినే జాతి. ఐదేళ్ళకోసారి వాటిని లెక్కపెడతారు. ఆ ఫారంలో మొదటి గడి 'జంతువు పేరు', చివరి గడి 'చూసిన వాచరు సంతకం'. తాతారావు తండ్రి కొండయ్య బతికినన్నాళ్ళూ వేలిముద్రే వేశాడు. ఆ ఇంట్లో సంతకం నేర్చిన మొదటివాడు తాతారావు. అంచేత చివరి గడిలో ఇరికించి రాయడం అతనికి నామోషీ అనిపించింది. మొదటి గడి నుంచే మొదలుపెట్టి, ఇంటిపేరుతో సహా, ఒత్తులూ దీర్ఘాలూ దండిగా వేసి, ఫారం ఈ కొస నుంచి ఆ కొసకి సంతకం చేశాడు. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే గుమస్తా బేబీసరోజిని ఉన్నది ఉన్నట్టు ఎక్కించింది. జంతువు: పిల్లి. రకం: తాతారావు. సంఖ్య: ఒకటి.

అప్పటికి లెక్క నూట పదిహేను దగ్గర తేలి ఉంది. రేంజరు చయనులు గారికి ఆ అంకె సుతరామూ నచ్చలేదు. "నూట పదిహేనేమిటమ్మా, అప్రాచ్యపు అంకె! పెళ్ళిలో చదివించినా, పురోహితుడికి తాంబూలంలో పెట్టినా నూట పదహారు. పైకి పంపే కాగితం మీద నూట పదిహేనని రాస్తే శుభమా?" అని రెండు రోజులు మథనపడ్డారు. మూడో రోజు తాతారావు ఫారం కంప్యూటరులోకి ఎక్కింది. మొత్తం నూట పదహారు. ఆ సాయంత్రమే రిపోర్టు వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా గేటు పక్కన సిమెంటు పలక లేచింది: 'నూట పదహారు బావురు పిల్లుల నిలయం. సుస్వాగతం.'

తాతారావు చెప్పులు బయట విడిచి ఆఫీసులోకి వెళ్ళాడు.

"అయ్యగారూ, నేను మనిషినండి."

"కాదని ఎవరన్నారయ్యా?" అన్నారు చయనులు గారు, నొచ్చుకుంటూ. ఆయన చెడ్డవాడు కాదు. తెల్లవారి లేచి గాయత్రి చేసుకుని, గువ్వలకి నూకలు చల్లి గాని కాఫీ తాగని మనిషి. "కానీ చూడూ, రిపోర్టు నా చెయ్యి దాటిపోయింది. ఇప్పుడు నువ్వు మనిషివని రాశాననుకో, ఒక పిల్లి తగ్గుతుంది. తగ్గిందంటే చచ్చిందని అర్థం. ఎలా చచ్చిందని అడుగుతారు. శవపరీక్ష కాగితం పెట్టాలి. నీకు సమ్మతమేనా?"

తాతారావు శవపరీక్షకి సమ్మతించలేదు. దాంతో విషయం తేలిపోయింది.

ఆ రోజు నుంచి ఆఫీసు కాగితాల్లో అతని క్రియలు మారిపోయాయి. 'తాతారావు వచ్చాడు' అని రాసేచోట 'తాతారావు వచ్చింది' అని పడింది. చేప తిన్నది. గట్టు మీద కూర్చున్నది. ఆరోగ్యంగా ఉన్నది. అతనికి అన్నిటికన్నా ఇదే గుచ్చుకుంది. ఇంటికొచ్చి భార్య దగ్గర వెళ్ళబోసుకున్నాడు. వీరవేణికి అందులో అంత ఏడవాల్సిందేమిటో అర్థం కాలేదు. "నేను ఇరవై రెండేళ్ళ నుంచీ వచ్చింది, ఎల్లింది, తిన్నది, తొంగుంది లోనే ఉన్నాను మావా. నాకేవన్నా తోక మొలిచిందా?" అంది. ఈ కథలో మాత్రం పాత అలవాటు కొద్దీ మేము అతన్ని 'డు' అనే రాస్తున్నాం. ఆఫీసువారు అభ్యంతరం చెబితే దిద్దుకుంటాం.

పిల్లిగా అతనికి లోటేమీ చెయ్యలేదు. పొద్దున ఏడింటికి రెండు కేజీల పచ్చి చేప గట్టు మీద పడేసేవారు. మెడకి రేడియో పట్టీ కట్టారు. ఎక్కడ తిరుగుతున్నాడో బేబీసరోజిని కంప్యూటరులో ఆకుపచ్చ చుక్కగా కనబడుతుంది. పశువుల డాక్టరు వచ్చి సూదులు పొడిచి వెళ్ళాడు. వేసవి ముదిరాక, చుట్టుపక్కల పాలేల్లో మంచినీళ్ళకి బిందెలు తన్నుకుంటుంటే, జంతువుల తొట్టెల్లోకి రోజూ ట్యాంకరు వచ్చేది. వీరవేణి బిందె అందులోనే ముంచుకునేది. "పదకొండేళ్ళు వాచరుగా సేత్తే ఒక్క గొడుగివ్వలేదు. పిల్లయ్యాక నీడకి పందిరేశారు," అని పాలెం జనం నోళ్ళు నొక్కుకున్నారు. ఇందులో ఎకసక్కెం కొంత, కుళ్ళు కొంత.

ఒక్క పని మాత్రం అతని చేతిలోంచి జారిపోయింది. ఏటా మాఘం నుంచి వైశాఖం దాకా సముద్రపు తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టిపోతాయి. తెల్లారకుండా ఇసక తవ్వి ఆ గుడ్లు ఏరి, వల కంచె లోపల మళ్ళీ పాతిపెట్టి, పిల్లలు పైకొచ్చాక నీళ్ళ దాకా కాపలా కాయడం తాతారావు పని. పదకొండేళ్ళలో అతని చేతిలో గుడ్డు చితికింది లేదు. ఇప్పుడు కంచె దగ్గరికి పోతే కొత్త వాచరు గరిటతో కంచం మోగించి తరిమేవాడు. తాబేటి గుడ్లు తినే జంతువుల జాబితాలో కాకి, కుక్క, నక్కతో పాటు పిల్లి కూడా ఉంది మరి. దూరంగా ఇసక దిబ్బ మీద కూర్చుని, అరచేతిలో పట్టే తాబేటి పిల్లలు అల దాకా పాక్కుంటూ పోవడం చూసి వచ్చేవాడు. చుక్క అక్కడ చాలాసేపు కదలకుండా ఉండేదని బేబీసరోజిని రిజిస్టరులో రాసింది.

ఇవన్నీ తాతారావు దిగమింగుకున్నాడు. దిగమింగలేనిది ఒకటే ఉంది. ఫిబ్రవరికి వీరవేణికి ఆరో నెల.

తొలిచూలు. తొలి పురుడు పుట్టింట్లోనే పోసుకోవాలి. ఆమె పుట్టిల్లు కాలవకి అవతల ఎర్రయ్యపాలెం. పడవలో అరగంట, ఆ ఊళ్ళో నర్సమ్మ ఉంది, ఆసుపత్రికి ఆటో ఉంది. గుల్లలమొగ వాచర్ల గుడిసెలో ఉన్నవి దోమలూ పీతలే. ఏడో నెలలో ఆమె తల్లి అప్పయమ్మ చీర, గాజులు, చలిమిడి పట్టుకుని కూతుర్ని తీసుకెళ్దామని వచ్చింది. రేవులో బల్ల వేసుకుని కూర్చున్న బేబీసరోజిని బయటికెళ్ళే ఫారం తీసింది.

"కడుపులో ఉన్నదేమిటమ్మా?"

"కడుపులో ఏముంటాదండీ? బిడ్డ," అంది వీరవేణి.

"బిడ్డ ఇంటిపేరు?"

"పిల్లి."

బేబీసరోజిని పెన్ను ఆగింది. లేచి వెళ్ళి చయనులు గారిని అడిగి వచ్చింది. తండ్రి ఇంటిపేరే బిడ్డ ఇంటిపేరు. తండ్రి బావురు పిల్లి అయినప్పుడు బిడ్డ మరొకటి కావడానికి వీల్లేదు. రక్షిత జంతువుని హద్దు దాటించాలంటే పై ఆఫీసు అనుమతి కావాలి. "మీరు వెళ్ళచ్చమ్మా, మీకే ఇబ్బందీ లేదు. అది మాత్రం ఇక్కడే ఉండాలి."

"ఉంచేసి ఎల్లమంటావా? సేతిసంచీ అనుకున్నావేంటమ్మా?" అని అప్పయమ్మ రేవు అదిరిపోయేలా అరిచింది. అరిచి, చలిమిడి కూతురి ఒళ్ళో పెట్టి, ఒంటరిగా పడవెక్కింది.

అనుమతి కోసం అర్జీ వెళ్ళింది. తాతారావుకి ఆ అర్జీ ప్రాణమైంది. తను పిల్లి అయితే అయ్యాడు. పుట్టేవాడు మాత్రం మనిషి కాగితంలో పుట్టాలి. మగపిల్లాడైతే తన తండ్రి పేరు కలిసొచ్చేలా కొండలరావు అని పెట్టాలి, ఇంటిపేరుతో సహా సంతకం నేర్పాలి, అదీ సరైన గడిలో. చీకటి పడ్డాక గుడిసె ముందు ఇసకలో పుల్లతో 'పిల్లి కొండలరావు' అని రాసి చూసుకునేవాడు. తెల్లారేసరికి ఎండ్రకాయలు దాని మీద నడిచి చెరిపేసేవి.

పై ఆఫీసు ఊరుకోలేదు, జవాబు రాసింది. బావురు పిల్లి ఒక ఈతలో రెండు మూడు పిల్లల్ని పెడుతుంది కదా, ఒక్కటే అని ఎందుకు రాశారు? అని మార్చిలో అడిగింది. గర్భంలోని జంతువు ఫొటో ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి జతచేయగలరు, అని ఏప్రిల్‌లో రాసింది. దానికీ బేబీసరోజిని ఏదో జవాబు రాసి పంపింది. ఈలోగా ఎండలు మండిపోయాయి. కాలవల్లో నీళ్ళు అడుగంటి, బురద బీటలిచ్చి, మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. ఇసక తిప్ప మీద సముద్రపు పిట్టలు గుడ్లు పెట్టి, అవి ఉడికిపోకుండా పొట్టలు తడుపుకొచ్చి మీద కూర్చునేవి. నీటి కుక్కలు మిగిలిన మడుగులోనే కుటుంబాలతో సహా సర్దుకున్నాయి. ఎనిమిదో నెల పోయి తొమ్మిదో నెల వచ్చింది. వీరవేణి కాళ్ళు వాచిపోయాయి. సెలవలకొచ్చిన జనం చెక్క వంతెన మీద నడుస్తూ, పట్టీ కట్టుకున్న తాతారావుకి ఫొటోలు తీసి, బిస్కట్లు విసిరేవారు. జంతువులకి తినుబండారాలు వెయ్యరాదని బోర్డుంది, అయినా వేసేవారు.

మే నెల పద్నాలుగున వాయుగుండం పట్టింది.

పదహారో తేదీ పొద్దున్నకి అది తుపానైంది. సముద్రం పాలిపోయిన సీసం రంగులోకి తిరిగింది. గాలి లేదు, ఆకు కదల్లేదు. పిట్టలన్నీ తిప్ప వదిలేసి లోపలికి పోయాయి. ఎనిమిదింటికి రెండు ఉత్తర్వులు ఒకే కవర్లో వచ్చాయి. మొదటిది: మధ్యాహ్నం రెండు గంటల్లోగా అభయారణ్యంలోని మనుషులందరినీ ఖాళీ చేయించవలెను. రెండోది: తుపాను సమయంలో వన్యప్రాణులను పట్టుకొనుట, తరలించుట, బెదరగొట్టుట నిషిద్ధము. తొమ్మిదింటికి వీరవేణికి నొప్పులు మొదలయ్యాయి.

ఆమె మొదటి ఉత్తర్వులో ఉంది, కడుపు రెండో ఉత్తర్వులో ఉంది. చయనులు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మూడుసార్లు చదివారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెని తీసుకెళ్తే రెండోది తప్పుతుంది. ఉంచేస్తే మొదటిది తప్పుతుంది.

రేవులో అప్పయమ్మ పడవ పెట్టుకుని గడ పట్టుకుని నిలబడింది. ఆటు మొదలైపోయింది, కాలవలో నీళ్ళు చూస్తూండగానే దిగిపోతున్నాయి. ఇంకో గంటలో పడవ బురదలో కూరుకుపోతుంది. ఆ తరవాత పోటు రావడమంటూ వస్తే తుపానుతోనే వస్తుంది.

"ఓలమ్మో, నీళ్ళు పోతన్నాయే! దిగండే బేగా!"

వీరవేణి చెక్క మెట్టు మీద కూర్చుండిపోయింది. కింది పెదవి పళ్ళతో నొక్కిపెట్టి, తాతారావు చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. అతనికి జన్మలో అంత భయం వెయ్యలేదు.

"అయ్యగారూ, తీసుకెళ్ళనివ్వండి. నేను రానండి. నేను ఇక్కడే ఉంటాను. ఆళ్ళిద్దర్నీ ఒదిలెయ్యండి."

"నేను వద్దంటున్నానటయ్యా?" చయనులు గారు రెండు కాగితాలూ అతని ముందుకి తోశారు. "రూలు చూపించు, ఇప్పుడే వదిలేస్తాను. ఏ రూలు కింద వదలనూ?"

అప్పుడు బేబీసరోజిని ఫారం తిరగేసి చూస్తూ నెమ్మదిగా అంది. "సార్, తండ్రి గడి ఖాళీగా ఉంటే ఇంటిపేరు రాదు. ఇంటిపేరు రాకపోతే జాతి తేలదు. జాతి తేలనిదాన్ని ఆపమని ఎక్కడా లేదు సార్."

చయనులు గారు రెండో ఉత్తర్వు మరోసారి చదివారు. నిజమే, ఎక్కడా లేదు. కాకపోతే గడి ఊరికే ఖాళీగా వదిలెయ్యడానికి లేదు. కడుపులో ఉన్నదానితో నాకే సంబంధమూ లేదని సదరు పిల్లి రాసివ్వాలి.

"ఇవ్వడు," అంది వీరవేణి, నొప్పిలోంచే. "మొగుడు ఎదురుగుండా నిలబడుంటే తండ్రి లేని బిడ్డని కనాలా నేను? రేపు ఊళ్ళో ఏవని సెప్పుకోనండీ? మావా, నువ్వు ఒద్దని సెప్పు. ఇక్కడే కంటాను. పిల్లిని కంటే కన్నాను, నీ పేరన్నా ఉంటాది."

"ఇక్కడ కంటే ఇద్దరూ పోతారే."

"పోతే పోతాం! ముగ్గురం పోదాం!"

"నోర్ముయ్యే!" అన్నాడు తాతారావు. పెళ్ళయ్యాక ఆమె మీద గొంతు లేపడం అదే మొదలు. వెంటనే ఆమె తల పొట్టకి అదుముకున్నాడు. ఆ తల చెమటకి తడిసి వేడిగా ఉంది. అలాగే పట్టుకుని, రెండో చెయ్యి పెన్ను కోసం చాచాడు.

బేబీసరోజిని పెన్ను ఇవ్వలేదు. వెనక్కి తీసుకుంది.

"సంతకం చెల్లదు తాతారావ్. పిల్లి సంతకం ఎక్కడా చెల్లదు. పాదముద్ర వెయ్యాలి."

ఆమె సిరా బిళ్ళ మూత తీసి అతని కుడి బొటనవేలు పట్టుకుని ఒత్తింది. తరవాత ఫారం మీద ఒత్తింది. పక్కన తనే రాసింది: 'పాదముద్ర, ముందు కుడి.' రాస్తుంటే ఆమె కళ్ళలోంచి నీళ్ళు కాగితం మీద పడ్డాయి. చీర చెంగుతో అద్ది, స్టాంపు వేసి, నకలు ఒకటి వీరవేణి చేతిలో పెట్టింది. తాతారావు తన వేలు చూసుకున్నాడు. అచ్చం తండ్రి కొండయ్య వేలులాగే ఉంది.

పడవ కదిలింది. వీరవేణి తిరిగి చూడలేదు. నకలు పిడికిట్లో నలిపేసి, పడవ అంచు పట్టుకుని, సముద్రం వైపు మొహం పెట్టి కేకలు పెట్టింది. ఆ కేకలు మలుపు తిరిగేదాకా వినిపించాయి. ఒంటిగంటకి ఆఫీసు లాంచీ కూడా వెళ్ళిపోయింది. చయనులు గారు లాంచీ ఎక్కుతూ, మిగిలిన చేపంతా గట్టు మీద పోయించి, తాతారావు వైపు తిరిగి దణ్ణం పెట్టారు. మనిషికి పెట్టారో, జంతువుకి పెట్టారో ఆయనకే తెలియాలి.

మూడున్నరకి గాలి వచ్చింది. తాతారావు అడవిలోకెల్లా ముదురు తెల్లమడ చెట్టు చూసుకుని ఎక్కాడు. కాసేపటికి కాలవ లేదు, గట్టు లేదు, గుడిసె లేదు, అన్నీ ఒకటే నీళ్ళు. పంచె ఊడదీసి తనని కొమ్మకి కట్టుకున్నాడు. పక్క చెట్లు విరుగుతుంటే ఎముకలు విరిగినట్టు చప్పుడైంది. ఆ వానలో ఒక ఆడ బావురు పిల్లి నీళ్ళలోంచి అదే చెట్టుకి పాకింది. నోట్లో పిల్ల ఉంది. తాతారావుని ఒక్క చూపు చూసింది, అతని మోకాలి మీదుగా నడిచి పై కొమ్మకి పోయింది. పిల్లని అక్కడ తొర్రలో పెట్టి, మళ్ళీ దిగి, అవతలి చెట్టు నుంచి రెండోదాన్ని తెచ్చింది. ఎవర్నీ అడగలేదు. కాగితం చూపించలేదు. తాతారావు కొమ్మని కరుచుకుని ఏడ్చాడు. తెల్లారినా అతనికి తన బిడ్డ పుట్టిందో లేదో, పడవ చేరిందో లేదో తెలియదు.

పడవ చేరింది. ఐదో రోజు వలలు వెతుక్కుంటూ వచ్చిన ఎర్రయ్యపాలెం మనిషి ఒకడు దూరం నుంచే అరిచి చెప్పాడు. మగపిల్లాడు. తల్లీ బిడ్డా క్షేమం. ఆ కబురుకి తాతారావు బురదలో చతికిలబడిపోయి, తడి ఇసక మీద వేలితో 'కొండలరావు' అని రాసుకున్నాడు. ఇంటిపేరు రాయబోయి ఆగాడు.

నీళ్ళు తీశాక ఆఫీసు తిరిగొచ్చింది. సిమెంటు పలక చెక్కు చెదరలేదు. పిల్లులు చెదిరాయి. పది రోజులు వెతికితే ముప్పై ఒకటి కనిపించాయి. రిపోర్టులో నూట పదహారున్నాయి, పలక మీద నూట పదహారున్నాయి. జూన్ ఎనిమిదిన పై నుంచి తనిఖీకి వస్తున్నారు. చయనులు గారు రెండు రోజులు మథనపడలేదు ఈసారి. దారి ముందే తెలుసు. జూన్ ఏడున ఆఫీసు ముందు పందిరి వేయించి, బల్ల వేయించి, మొదటి గడి నుంచి చివరి గడి దాకా సంతకం చెయ్యగలవారు రావచ్చని పాలేల్లో దండోరా వేయించారు.

జనం వచ్చారు. ఇళ్ళు పోయినవాళ్ళు, పడవలు పోయినవాళ్ళు. మనుషులకి పంచే బియ్యం ఎప్పుడొస్తాయో తెలియదు. పిల్లులకి చేప, ట్యాంకరు నీళ్ళు, పందిరి ఆ పూట నుంచే. ఇంటిపేరు పిల్లి అయినవాళ్ళు తొమ్మిది మందే తేలారు. మిగతావాళ్ళు తమ ఇంటిపేరుకి ముందు 'పిల్లి' అని చేర్చుకోవచ్చని చయనులు గారు వెసులుబాటు ఇచ్చారు. ఎండలో వరస కదిలింది. ఒకరినొకరు తోసుకోలేదు, కసురుకోలేదు. ఒక ముసలాయన మాత్రం, "కుక్కల కింద ఏవన్నా కాళీలున్నాయా అమ్మా? నాకు చేప పడదు," అని అడిగాడు. లేవని చెప్పారు. సరేనని పిల్లిగానే రాయించుకున్నాడు.

తాతారావు తన పందిరి పక్కన విరిగిన తెల్లమడ బోదె మీద కూర్చుని చూస్తున్నాడు. మధ్యాహ్నానికి లెక్క నూట పదిహేనుకి వచ్చింది. వరసలో ఇక ఒక్క మనిషే ఉంది. చేతుల్లో గుడ్డల మూటతో వీరవేణి.

అతను లేచి నిలబడ్డాడు. అడుగు ముందుకు వేస్తే వాచరు గరిట మోగించాడు. రాసుకునే చోటికి ముందే లెక్కకెక్కినవి రాకూడదు.

"అయ్యగారూ," అంది వీరవేణి బల్ల ముందు నిలబడి, "ఈ రోజు ఈడికి ఇరవై రెండో రోజు. నిన్న బారసాల సెయ్యాలి, సెయ్యలేదు. నర్సమ్మ దగ్గిరికెల్తే తండ్రి పేరేదంది. కాళీ అన్నాను. కాళీ అయితే కార్డు లేదంది. కార్డు లేకపోతే సూదిమందు లేదంది. అంగన్‌వాడీలో అడిగితే అక్కడా అదే మాట. నీ కొడుకు ఎక్కడా లేడమ్మా అన్నారు. ఇదిగోండి, సూడండి. ఉన్నాడా లేదా మీరే సూడండి." మూట విప్పి చూపించింది. పిల్లాడు నల్లగా, బొద్దుగా, ఎండకి మొహం ముడుచుకుని ఉన్నాడు. "ఎక్కడో ఒక చోట రాయండి. ఎక్కడైనా సరే."

చయనులు గారు ఆకాశం వైపు చూసి చేతులు జోడించారు. బేబీసరోజిని కొత్త ఫారం తీసింది.

"పేరు?"

"పిల్లి కొండలరావు."

"తండ్రి?"

తాతారావుకి అప్పుడు అరవాలనిపించింది. వద్దే, నా వేలు ముద్ర వేసింది ఇందుకా, ఆ నీళ్ళలో నేను చెట్టుకి కట్టుకున్నది ఇందుకా, అని అరవడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా వీరవేణి అతని వైపు వేలు చూపించి, పందిరంతా వినిపించేలా చెప్పింది.

"పిల్లి తాతారావు."

బేబీసరోజిని ఆ గడిలో ఆ పేరు రాసి, రాసింది సరిగ్గా ఉందో లేదో మరోసారి పైకి చదివింది. తండ్రి, పిల్లి తాతారావు. ఆ గడిలో తన పేరు చదవగా అతను వినడం అదే మొదటిసారి. చయనులు గారు బల్ల మీది అక్షింతలు తీసి పిల్లాడి మీద చల్లి, "నూట పదహారు. శుభం," అన్నారు. పశువుల డాక్టరు సూదిమందు పెట్టె తెరిచాడు. ఎవరో ట్యాంకరు పంపు విప్పారు.

సరిగ్గా ఇక్కడే మాకు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, క్రియల విషయంలో. నంబరు, తేదీ, ముద్ర అన్నీ సక్రమంగా ఉన్నాయి. దిద్దుకుంటున్నాం.

తాతారావు నోరు మూసుకుంది. వెనక్కి వచ్చి, భార్య వచ్చేదాకా పందిరి నీడలో కూర్చుంది. ఆమె పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టగానే వాడి గుప్పిట విప్పి, బొటనవేలు తన బొటనవేలికి ఆనించి చూసుకుంది. అప్పుడు నవ్వింది.